పిల్లల నిద్ర – పెద్దల తోడు

ఒడిశాలోని బరంపురంలో సూర్యుడు అస్తమించిన తరువాత సగటున 35 నిమిషాలకు గాని మహారాష్ట్రలోని షోలాపూరులో అస్తమించడు. ఈ రెండు ఊళ్ళలోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. రెండు ఊళ్ళలోనూ గోడగడియారాలు ఒకే వేళను చూపుతాయి. భూమి తన చుట్టూ తాను తిరిగేటప్పుడు ఒక్కొక్క డిగ్రీ రేఖాంశం దాటడానికి 4 నిమిషాలు పడుతుంది. భారతదేశమంతటికీ కలిపి ఒకే ప్రామాణిక కాలాన్ని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. ఆ రేఖకు చాలా చేరువలో ఉన్న యానాంలో గడియారానికీ సూర్యునికీ సగటు మీద ఒక నిమిషం తేడా మాత్రమే ఉంటుంది. పడమరకు పోయేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. సూర్యుడు గడియారం కంటె హోసూరులో 19 నిమిషాలు, బళ్ళారిలో 22 నిమిషాలు, షోలాపూరులో 26 నిమిషాలు, ముంబయిలో 38 నిమిషాలు వెనుకబడి ఉంటాడు. బరంపురంలో మాత్రం 9 నిమిషాలు ముందే ఉంటాడు.

ఇది భూగోళ పాఠంలో చదివి మరచిపోయే లెక్క అని తోచవచ్చు. కాని పిల్లల నిద్రకూ ఈ లెక్కకూ దగ్గర సంబంధం ఉంది. మౌలిక్ జగ్నానీ అనే ఆర్థికశాస్త్రవేత్త మన దేశంలోని పిల్లలు రోజును ఏ విధంగా గడుపుతున్నారో తెలిపే లెక్కలను తీసుకొని, వాటిని సూర్యాస్తమయ వేళలతో పోల్చి చూశాడు. సూర్యుడు ఆలస్యంగా అస్తమించినప్పుడు పిల్లలు ఆలస్యంగా పడుకుంటున్నారు. తెల్లవారి లేచే వేళ మాత్రం మారడం లేదు. ఎందుకంటే బడిగంట సూర్యుణ్ణి చూసి మోగదు, గడియారాన్ని చూసి మోగుతుంది. అస్తమయం ఒక గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర సుమారు అరగంట తగ్గుతున్నట్లు ఆయన గుర్తించాడు. నిద్ర తగ్గినచోట చదువూ కుంటుపడుతున్నది. ఈ నష్టం పేద కుటుంబాలలో మరింత ఎక్కువగా ఉన్నదని కూడా ఆయన పరిశీలనలో తేలింది.

ఒక ఊరిలో సూర్యుడు అందరికీ ఒకేసారి అస్తమిస్తాడు. అయినా ఒకే వీధిలో, ఒకే తరగతి చదివే ఇద్దరు పిల్లలలో ఒకరు తొమ్మిది గంటలు నిద్రపోయి హుషారుగా బడికి వస్తారు. మరొకరు ఏడు గంటలైనా నిద్రలేక మొదటి పాఠంలోనే తూగుతారు. ఈ తేడా చాలావరకు ఇంటిలో పుడుతుంది. పిల్లవాడు పడక మీదికి చేరకముందే, భోజనం ఎన్నింటికి ముగిసింది, దీపం ఎప్పుడు ఆరింది, ఎవరి పని ఎప్పటివరకు సాగింది అన్న విషయాలు అతని నిద్రను నిర్ణయించేస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ పిల్లవాడి చేతిలో ఉండదు.

తెలుగు భాష ఈ సంగతిని చక్కగా పట్టుకుంది. ‘నిద్రపోవడం’ ఒక క్రియ, ‘నిద్రపుచ్చడం’ మరొక క్రియ. మొదటిది ఎవరికి వారు చేసేది. రెండవది ఒకరు మరొకరికి చేసేది. ‘జోకొట్టడం’ అన్న మాటలో చేతి స్పర్శ ఉంది, పాట కూడా ఉంది. ఇక ‘పడుకోబెట్టడం’ వేరు, ‘నిద్ర పట్టడం’ వేరు. పెద్దలు బిడ్డను పడుకోబెట్టగలరు గాని, ‘నిద్రపో’ అని గద్దించి నిద్ర పట్టించలేరు. నిద్ర తనంత తానుగా రావాలి. అది రావడానికి తగిన చోటు, వేళ, నెమ్మది కల్పించడం వరకే పెద్దల పని. అయితే ఆ పని చిన్నదేమీ కాదు.

పిల్లలకు ఎంత నిద్ర కావాలి? అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంఘం 2016లో ఇచ్చిన సలహా ప్రకారం 6 నుండి 12 సంవత్సరాల వయసువారికి రోజుకు 9 నుండి 12 గంటల నిద్ర అవసరం. 13 నుండి 18 సంవత్సరాలవారికి 8 నుండి 10 గంటలు కావాలి. మూడు, నాలుగు ఏళ్ళ పసివారికి పగటి కునుకుతో కలిపి 10 నుండి 13 గంటలు ఉండాలి. ఇన్ని గంటలు వృథాగా పోతున్నాయని పూర్వం చాలామంది అనుకునేవారు. నిద్రలో మెదడు ఊరకే ఉంటుందనే శాస్త్రజ్ఞులు కూడా భావించేవారు. ఆ భావనను మార్చిన పరిశోధనలో ఒక తండ్రీకొడుకులు ఉండడం విశేషం. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి, నిద్రపోయేవారి కనుల కదలికలను, మెదడులోని విద్యుత్ తరంగాలను కాగితం మీద గీసే యంత్రంతో పరీక్షించదలచాడు. మొదట పరీక్షకు కూర్చున్నది ఎనిమిదేళ్ళ ఆయన కుమారుడు ఆర్మండ్. అర్ధరాత్రి పిల్లవాడు గాఢంగా నిద్రపోతుండగా యంత్రపు ముళ్ళు ఉన్నట్టుండి వేగంగా ఊగసాగాయి. పిల్లవాడు మేలుకున్నాడేమోనని తండ్రి లోపలికి వెళ్ళి చూస్తే అతడు నిద్రలోనే ఉన్నాడు. మూసిన రెప్పల క్రింద కనుగుడ్లు మాత్రం చురుకుగా కదులుతున్నాయి. 1953లో అసెరిన్‌స్కీ, ఆయన గురువు నథానియెల్ క్లైట్‌మన్ కలిసి ఈ విషయాన్ని ప్రకటించారు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర ఇదేనని లోకానికి తెలిసింది.

రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ. శరీరం ఎదుగుదలకు కావలసిన హార్మోను అప్పుడే అధికంగా విడుదలవుతుంది. తెల్లవారుజాము సమీపించేకొద్దీ కలల నిద్ర పాలు పెరుగుతుంది. పగలు చదివినవి, చూసినవి మెదడులో కుదురుకోవడానికి నిద్ర అవసరం. అందువల్ల రాత్రి చివరి రెండు గంటలు కోతపెట్టడం వల్ల కేవలం రెండు గంటల విశ్రాంతి పోయిందనుకుంటే సరిపోదు. కలల నిద్రలో పెద్ద భాగమే పోతుంది.

నిద్ర వేళను శరీరానికి గుర్తుచేసేది ప్రధానంగా వెలుతురే. కన్ను గ్రహించిన వెలుగు సమాచారం మెదడు లోపల ఉన్న ఒక చిన్న కేంద్రానికి చేరుతుంది. శరీరపు గడియారం అదే. చీకటి పడినప్పుడు దాని ఆజ్ఞతో పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది రాత్రి అయిందని శరీరానికి చాటే దండోరా వంటిది. మిక్కిలి వెలుతురు, ముఖ్యంగా నీలిరంగు పాలు అధికంగా ఉన్న వెలుతురు, కంటిలో పడితే ఆ దండోరా ఆలస్యమవుతుంది. ఇటువంటి గడియారాలు జీవకణాలలో ఏ విధంగా నడుస్తాయో వివరించినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం లభించింది.

పసిబిడ్డల విషయంలో పెద్దల తోడు ఎంత పనిచేస్తుందో అమెరికాలో జోడీ మిండెల్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం పరీక్షించి 2009లో ప్రకటించింది. నిద్రకు పేచీపెట్టే పసిపిల్లల తల్లులు 405 మంది ఇందులో పాల్గొన్నారు. కొందరు తల్లులు ప్రతి రాత్రీ ఒకే వరుసలో బిడ్డకు స్నానం చేయించి, ఒళ్ళు మర్దన చేసి, ఒడిలోకి తీసుకొని పాట పాడడం వంటి నెమ్మదైన పనులు చేసి, దీపం ఆర్పివేశారు. రెండు వారాలలోనే ఆ బిడ్డలు త్వరగా నిద్రపోసాగారు. నడిరాత్రి లేచి ఏడవడం తగ్గింది. తల్లుల మనసు కూడా కుదుటపడింది. తెలుగు ఇళ్ళలో పసిబిడ్డకు నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపి, ఉయ్యాలలో వేసి జోలపాట పాడే పద్ధతి తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. ఊరు మారినా, రాష్ట్రం మారినా, ఇంటి బయట వినవచ్చే భాష మారినా, జోలపాట తెలుగులోనే మిగిలిపోయిన కుటుంబాలు అనేకం. పనిచేసేది పాటలోని అర్థం కాదు. ప్రతి రాత్రీ అదే గొంతు, అదే వరుస వినబడడమే బిడ్డకు నిద్రవేళ గుర్తు.

బిడ్డ బడికి వెళ్ళే ఈడు వచ్చేసరికి ఈ వరుస సడలిపోతుంది. పన్నెండు, పదమూడేళ్ళు నిండాక ‘ఇంక పెద్దవాడయ్యాడు’ అని పెద్దలు నిద్ర సంగతి పట్టించుకోవడం మానివేస్తారు. ఇది సరియైన ఆలోచన కాదనడానికి మంచి ఆధారం ఉంది. మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1976 నుండి వేసవి శిబిరాలు నడిపారు. పది, పన్నెండేళ్ళ పిల్లలను చేర్చుకొని, ఏటేటా అదే పిల్లలను పిలిచి, రాత్రికి పది గంటలు పడక మీద ఉండే అవకాశం ఇచ్చి పరీక్షించారు. వయసు పెరిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని వారు ఊహించారు. కాని పిల్లలు పెద్దవారైనా తొమ్మిది గంటలకు పైగానే నిద్రపోయారు. పైగా కౌమారంలో అంతే నిద్రపోయినా పగటిపూట మగత ఎక్కువైంది. ఈ వయసులో శరీరపు గడియారం కొంత వెనక్కు జరుగుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. పదమూడేళ్ళ పిల్ల రాత్రి పదింటికి నిద్ర రావడం లేదంటే అది ఎల్లప్పుడూ సాకు కాదు. తెల్లవారి లేవలేకపోతే అది సోమరితనమూ కాదు. ఈ తేడా తెలిసిన తల్లిదండ్రులు తిట్లతో కాక ఏర్పాట్లతో సాయపడగలుగుతారు.

ఆస్ట్రేలియాలో 13 నుండి 18 సంవత్సరాల వయసుగల 385 మంది విద్యార్థుల నిద్రను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాలు ఇక్కడ చెప్పుకోదగినవి. బడి ఉన్న రోజులలో ఎన్నింటికి పడుకోవాలో తల్లిదండ్రులు నిర్ణయించిన పిల్లలు ఆ గుంపులో అయిదవ వంతు కూడా లేరు. కాని వారు మిగిలినవారి కంటె ముందు పడుకున్నారు, ఎక్కువసేపు నిద్రపోయారు, పగలు తక్కువగా అలసిపోయారు. శని ఆదివారాలలో పెద్దలు ఆ నియమం సడలించగా రెండు గుంపుల మధ్య తేడా కనబడలేదు. అంటే ఆ పిల్లలు పుట్టుకతో నిద్రపట్టే స్వభావం గలవారేమీ కారు. నియమం ఉన్న రాత్రులలో ఫలితం ఉంది, లేని రాత్రులలో లేదు.

తెలుగు కుటుంబాలలో చదువుకునే పిల్లలకు తరచు వినవచ్చే సలహా ఒకటుంది: తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే బాగా తలకెక్కుతుందని. ఈ సలహా పుట్టిన కాలంలో దీపాలు పెట్టే వేళకు వంట ముగిసేది. ఎనిమిదింటికి ఊరంతా సద్దుమణిగేది. అప్పుడు నాలుగింటికి లేచినవానికి ఎనిమిది గంటల నిద్ర దక్కేది. ఇప్పుడు రాత్రి పదకొండు వరకు టెలివిజన్ మోగే ఇంటిలో అదే సలహాను పాటిస్తే మిగిలేది అయిదు గంటలు. సలహాలో సగం మాత్రమే నిలిచి, రెండవ సగం జారిపోయింది. పరీక్షల నెలలో ఈ పొరపాటు మరీ ఎక్కువగా జరుగుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా చదివించి, తెల్లవారకముందే లేపితే, చదివినది కుదురుకోవలసిన వేళనే తీసివేసినట్లవుతుంది.

‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అని సామెత. ఒళ్ళు అలసినవానికి కటికనేల అయినా పట్టుపరుపే అని దీని భావం. సామెతలో కొంత నిజం ఉన్నా, మొత్తం నిజం లేదు. చెన్నై నగరంలో తక్కువ ఆదాయంగల 452 మంది పెద్దవారి నిద్రను చేతికి కట్టే చిన్న పరికరాలతో కొలిచి, ఆర్థికశాస్త్రవేత్తలు కొందరు 2021లో ఫలితాలను ప్రకటించారు. వారు రాత్రికి ఎనిమిది గంటలు పడక మీద ఉన్నారు. నిద్రపోయినది మాత్రం అయిదున్నర గంటలు! మిగిలిన రెండున్నర గంటలు మెలకువలకే సరిపోయాయి. ఉక్కపోత, దోమలు, వీధి రణగొణ, ఇరుకు గది వంటివన్నీ ఇటువంటి నిద్రకు శత్రువులే. కనుక ‘మా పిల్లవాడు తొమ్మిదింటికే పడుకుంటాడు’ అన్నంతమాత్రాన చాలినంత నిద్ర దక్కుతున్నదని చెప్పలేము.

ఒక్క గదిలో కాపురముండే కుటుంబానికి ఈ చిక్కు మరింత దగ్గరగా తెలుసు. షోలాపూరునే తీసుకొంటే, తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన పద్మశాలీలు అక్కడ మరమగ్గాల మీద తువ్వాళ్ళు, దుప్పట్లు నేస్తారు. స్త్రీలు అనేకులు ఇంటివద్ద బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది గనుక, లెక్క పూర్తికాని రోజున తల్లి రాత్రి దీపం క్రింద చాట ముందు కూర్చోక తప్పదు. తండ్రికి రాత్రి పాళీ ఉంటే పగలు నిద్రపోవాలి. అప్పుడు పిల్లలు చప్పుడు చేయకూడదు. పిల్లలు నిద్రపోయే వేళకు తల్లి పని, తండ్రి నిద్రపోయే వేళకు పిల్లల ఆట. ఇటువంటి ఇంటికి వెళ్ళి ‘పిల్లలకు వేరే గది ఉండాలి’ అని చెప్పడం ఎగతాళి చేసినట్లే అవుతుంది.

అయినా ఆ ఇంటిలో సైతం చేయదగినవి కొన్ని ఉన్నాయి. గది మధ్య వేలాడే పెద్ద దీపానికి బదులు పనిచేసే మూల మాత్రం వెలిగే చిన్న దీపం పెట్టుకోవచ్చు. పిల్లల పడకను ఆ వెలుతురు ముఖాన పడని వైపుకు మార్చవచ్చు. పాతచీర ఒకటి తెరగా కట్టినా మేలే. దోమతెర ఖరీదు ఒక నెల మందుల ఖర్చుతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. రాత్రి భోజనం అరగంట ముందుకు జరిపితే తక్కినవన్నీ వాటంతట అవే ముందుకు జరుగుతాయి.

ఇంటిపనుల పంపకం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఇళ్ళలో భోజనాలైన తరువాత అంట్లు తోమడం, తెల్లవారకముందు నీళ్ళు పట్టడం పెద్దకూతురి పని అవుతుంది. తమ్ముడు తొమ్మిదింటికి పడుకుంటాడు, అక్క పదిన్నరకు పడుకుంటుంది. లేవడంలో మాత్రం అక్కే ముందు. ఒకే ఇంటిలో, ఒకే తల్లిదండ్రుల బిడ్డలలో ఒకరికి నిద్ర దక్కి మరొకరికి దక్కకపోతే, దానికి సూర్యుణ్ణీ బడినీ తప్పు పట్టలేము. తమ్ముడు బిందె పట్టుకోగలిగితే, తండ్రి పళ్ళెం కడుక్కోగలిగితే ఆ అమ్మాయికి గంట నిద్ర కలిసివస్తుంది.

చేతిఫోను విషయంలో పెద్దల మాట కంటె పెద్దల నడత ఎక్కువగా పనిచేస్తుంది. తండ్రి మంచం మీద పడుకొని ఫోను చూస్తూ, కొడుకును మాత్రం ‘పెట్టేసి పడుకో’ అంటే, కొడుకు వినేది మాట కాదు, చూసేది వెలుగు. భోజనం కాగానే ఇంటిలోని ఫోనులన్నీ ఒక గూటిలో చేర్చే పద్ధతి పెట్టుకున్న కుటుంబాలలో పేచీ తక్కువ. ఎందుకంటే ఆ నియమం పిల్లల మీద విధించినది కాదు, ఇంటికి పెట్టుకున్నది.

ఇల్లు ఎంత చేసినా బడివేళలు అనుకూలించకపోతే ఫలితం సగమే. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం, పిల్లలకు నిద్ర చాలడం లేదన్న కారణంతోనే, పూర్వ ప్రాథమిక తరగతుల నుండి 4వ తరగతి వరకు పాఠాలను ఉదయం 9 గంటలకు ముందు మొదలుపెట్టరాదని ఉత్తరువు ఇచ్చింది. 5వ తరగతి, ఆపై తరగతులవారు ఆ ఉత్తరువులోకి రాలేదు. శరీరపు గడియారం వెనక్కు జరిగే వయసువారు వారే కావడం గమనించదగినది. పొద్దుటిపూట బడికి వెళ్ళే పన్నెండేళ్ళ పిల్ల అయిదున్నరకు లేవాలనుకుంటే, తొమ్మిది గంటల నిద్ర కోసం రాత్రి ఎనిమిదిన్నరకు కన్ను మూతపడాలి. బడులు తెరిచే జూన్ నెలలో ఆ వేళకు బరంపురంలో చీకటి పడి చాలాసేపవుతుంది. షోలాపూరులో సూర్యుడు అస్తమించి గంటన్నర కూడా కాదు.